ఆ రాళ్లు ఎక్కడివి?

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో భోజనాల ముందు జరిగిన ఒక చిన్న వాదన ఈ వ్యాసానికి కారణం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకు, మక్కా మసీదు ముందు పావురాల మధ్య తీయించుకున్న ఫొటోలను ఫోనులో అందరికీ చూపిస్తున్నాడు. మా అల్లుడుగారిది రాజమండ్రి. ఆయన ఆ ఫొటోలు చూసి, "దీనికంటే మా ఊరి మసీదు మూడు వందల ఏళ్లు పాతది, ఎప్పుడైనా చూశావా?" అని అడిగారు. "అది మసీదేమిటి బావగారూ, గుడి కదా" అన్నాడు వాడు. "ఏడు వందల ఏళ్లుగా నమాజు జరుగుతున్నదాన్ని పట్టుకుని గుడి అంటావేమిటి? అదంతా ఎవరో అల్లిన కథ" అన్నారు అల్లుడుగారు. మాట పెరిగేలోగా లోపల అరిటాకులు వేసేశారు కనుక గొడవ అక్కడితో ఆగింది. అయితే ఆకుల ముందు కూర్చుంటూ ఇద్దరూ నా వైపు చూసిన చూపు మాత్రం, తీర్పు చెప్పవలసినవాణ్ణి నేనే అన్నట్టుగా ఉంది.

నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్పై మూడేళ్లు నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఏ పాత కట్టడాన్ని చూసినా నాకు మొదట తట్టేది దాన్ని కట్టించిన రాజు పేరు కాదు. రాయి ఎక్కడ కొట్టారు, లీడు (అంటే సామగ్రిని మోసుకురావలసిన దూరం) ఎన్ని మైళ్లు, పని ఎన్నాళ్లలో అయింది అన్న లెక్క. ఆ రోజు వాళ్లిద్దరికీ నేనేమీ చెప్పలేదు. నెల రోజులు మనసులో తిప్పుకున్న తరువాత నాకు తోచిందేమిటంటే, ఇద్దరూ చెరొక పొరపాటు చేస్తున్నారు. తమ్ముడి కొడుకు పొరపాటు పైకి పెద్దదిగా కనిపిస్తుంది. కానీ అల్లుడుగారి పొరపాటే, మర్యాద పేరుతో చేసేదే, లోలోపల ఎక్కువ నొప్పి పుట్టించేదని నా అభిప్రాయం. అది ఎందుకో చెప్పడానికి కొంచెం దూరం నుంచి రావాలి.

ఒక్క రాయికి ఐదేళ్లు

గోదావరి డెల్టాలో పుట్టినవాడికి రాయి అంటేనే ఒక అబ్బురం. మా కోనసీమలో ఎంత లోతు తవ్వినా ఒండ్రూ ఇసకా తప్ప రాయి తగలదు. రోలు కావాలన్నా తిరగలి కావాలన్నా అది బయట నుంచి రావలసిందే. అందుకే ఉద్యోగంలో చేరిన కొత్తలో మక్కా మసీదును మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు గోడల దగ్గరే నిలబడిపోయాను. 220 అడుగుల పొడవు, 180 అడుగుల వెడల్పు, 75 అడుగుల ఎత్తు ఉన్న ఆ ప్రార్థనా మందిరంలో కప్పును పదిహేను కమానులు మోస్తున్నాయి. కంటికి ఆనేదంతా నల్లశానపు రాయి.

1617లో సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టిన ఆ మసీదు, గోల్కొండ పడిపోయిన తరువాత, 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. ఓడిన వంశం మొదలుపెట్టినదాన్ని గెలిచినవాడు ముగించాడు కనుక అది ఎవరి మసీదని అడిగితే జవాబు చెప్పడం కష్టం. మక్కా మట్టితో చేసిన ఇటుకలను నడిమి కమానులో వాడటం వల్ల ఆ పేరు వచ్చిందని, జీవితంలో ఒక్కసారి కూడా అర్ధరాత్రి నమాజు తప్పనివాడే పునాదిరాయి వేయాలంటే ఎవరూ ముందుకు రాకపోగా చివరికి సుల్తానే వేశాడని, అక్కడికి వెళ్లిన ప్రతివారికీ చెబుతారు. ఈ కథలు అందంగానే ఉంటాయి. అయినా నన్ను పట్టుకున్నది టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు రాసిన నాలుగు వాక్యాలు. పని మొదలై యాభై ఏళ్లయినా ఇంకా సాగుతూనే ఉందని, నమాజు దిక్కును చూపే గూడు మొత్తం ఒకే రాయని, ఆ ఒక్క రాయిని గని నుంచి విడదీయడానికి ఐదు వందల నుంచి ఆరు వందల మంది ఐదేళ్లు పనిచేశారని, దాన్ని లాగడానికి 1400 ఎద్దులు కావలసివచ్చాయని తనతో అన్నారని ఆయన రాసుకున్నాడు. చిత్రమేమిటంటే ఆయన ఆ మసీదును 'పగోడా' అనే రాశాడు. దూరదేశం నుంచి వచ్చినవాడి కంటికి గుడికీ మసీదుకీ పేరులో కూడా తేడా లేకపోయింది.

ఆ ఐదేళ్ల లెక్క చదివినప్పుడు నాకు ధవళేశ్వరం గుర్తుకొచ్చింది. 1847లో మొదలైన ఆనకట్ట పని 1852కల్లా ముగిసింది. నాలుగు పాయలుగా చీలిన గోదావరికి అడ్డంగా నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టడానికి కాటన్ దొరకు పట్టిన కాలం, హైదరాబాదులో ఒక్క గూడు రాయిని కొండ నుంచి ఊడదీయడానికి పట్టిన కాలం దాదాపు ఒకటే. మరి ధవళేశ్వరంలో పని అంత తొందరగా ఎలా సాగింది? రాయి పక్క కొండలోనే దొరికింది కనుక. కట్టడం ఎంత వేగంగా లేస్తుందన్నది కట్టించేవాడి పట్టుదల మీద కంటే రాయి ఎంత దగ్గరలో ఉందన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుందని మా శాఖలో చేరిన మొదటి ఏడాదే ఎవరైనా నేర్చుకుంటారు.

మక్కా మసీదు పనిని దరోగా మీర్ ఫైజుల్లా బేగ్‌తో పాటు రంగయ్య చౌదరి అనే ఆయన పర్యవేక్షించారని చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఎస్టిమేటు వేసి, కూలీలకు బత్తెం లెక్కగట్టి, ఎద్దుల మేతకు సర్ది, రాయి విరిగితే తల పట్టుకుని కూర్చున్న ఒక తెలుగు పేరు ఆ మసీదు వెనుక ఉందంటే నాకు ఆ గోడలు కొంచెం దగ్గరివిగా అనిపిస్తాయి. దీన్ని నా వృత్తి పక్షపాతం అనుకోండి.

రాజమండ్రి లెక్క

ఇప్పుడు అదే కొలబద్దతో రాజమండ్రి మసీదును చూద్దాం. ఓరుగల్లు కోట ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ చేతికి చిక్కి ప్రతాపరుద్రుడు బందీ అయినది 1323లో. రాజమండ్రి మసీదు శాసనం మీది తేదీ హిజ్రీ 724 రంజాన్ 20, అంటే 1324 సెప్టెంబరు 10. ఢిల్లీలో గియాసుద్దీన్ తుగ్లక్ సుల్తానుగా ఉన్న ఆ కాలంలో మసీదును కట్టించినవాడు సాలార్ ఉల్వీ అని శాసనం చెబుతోంది. ఓరుగల్లు పతనానికీ ఈ తేదీకీ మధ్య రెండేళ్లు కూడా లేవు. అందులోనే సైన్యం తీరానికి దిగాలి, పట్టణం స్వాధీనం కావాలి, స్థలం చూడాలి, మనుషులను పోగుచేయాలి, మధ్యలో ఒక వానాకాలం, దానితో పాటు గోదావరి వరద దాటాలి. ఇంత తక్కువ గడువులో కొత్తగా రాయి కొట్టించి, చెక్కించి, నిలబెట్టించే ఎస్టిమేటు వేయమంటే నేనైతే వేయలేను. చేతికందిన సామగ్రితో, నిలబడి ఉన్నదాన్ని మార్చుకుని చేసిన పని అది అని నా లెక్క చెబుతోంది. అది పూర్వం వేణుగోపాలస్వామి గుడి అని ఊళ్లో తరతరాలుగా చెప్పుకునే మాట ఈ లెక్కకు సరిపోతుంది.

ఆ మార్పు కష్టమైనదేమీ కాదు కూడా. మన గుడి సాధారణంగా తూర్పు ముఖంగా ఉంటుంది. లోపలికి వచ్చే భక్తుడు పడమటికి నడుస్తాడు. మన దేశంలో నమాజు చేసేవారు నిలబడేది కూడా పడమటి ముఖంగానే, ఇక్కడి నుంచి కొంచెం ఉత్తరానికి వాలుగా. గుమ్మం మార్చనక్కరలేదు, నడక దిక్కు మార్చనక్కరలేదు, వరుసలుగా స్తంభాలున్న మండపం వరుసలుగా నిలబడే జనానికి సరిగ్గా సరిపోతుంది. నిజామాబాదు జిల్లా బోధన్‌లోని దేవల్ మసీదు కూడా ఇటువంటిదే. దాని పేరులోనే దేవళం ఉంది. ఇక ఢిల్లీలో కుతుబ్ మీనారు పక్కనున్న మసీదు తూర్పు గుమ్మం మీద, ఇరవై ఏడు గుళ్ల సామగ్రితో దీన్ని కట్టామని, కట్టించినవాళ్లే గర్వంగా చెక్కించుకున్నారు. గెలిచినవాడికి దాన్ని దాచుకోవలసిన అవసరం ఆనాడు కనిపించలేదు. ఇప్పుడు మనమే వాళ్ల తరఫున దాస్తున్నాము.

అయితే నా లెక్కలో ఒక లొసుగు ఉంది. గడువు తక్కువ అన్నది తొందరను మాత్రమే రుజువు చేస్తుంది, గుడిని రుజువు చేయదు. ఇటుక గోడలు లేపి, పైన కర్ర కప్పు వేసి కూడా ఒక మసీదును నెలల్లో కట్టవచ్చు. మా అల్లుడుగారు ఇంజనీరు కాకపోయినా ఈ ప్రశ్న వేయగలరు. ఎస్టిమేటు మనకు ఏది సాధ్యమో చెబుతుంది, ఏది జరిగిందో చెప్పదు. నేను గుడి పక్షానికి మొగ్గడానికి కారణం ఈ లెక్క ఒక్కటే కాదు. ఊరి జ్ఞాపకం, ఆ కాలపు అలవాటు, ఈ లెక్క, మూడూ ఒకే వైపు చూపించడం.

రెండో అనుమానం ఇంకా చిక్కైనది. తుగ్లక్ పాలన తీరంలో ఎక్కువ కాలం నిలవలేదు. కొద్ది ఏళ్లలోనే ముసునూరి ప్రోలయ నాయకుడు ఈ ప్రాంతాన్ని విడిపించాడు. మా కోనసీమలోని విలస గ్రామాన్ని దానమిస్తూ ఆయన వేయించిన తామ్రశాసనం, ఆ కొద్ది ఏళ్లలో గుళ్లు, అగ్రహారాలు, పంటలు ఏ గతి పట్టాయో కోపంతో, దుఃఖంతో చెబుతుంది. ఆ తరువాత రాజమండ్రిని రెడ్డిరాజులు ఏలారు, గజపతులు ఏలారు. మధ్యలో బహమనీలు వచ్చిపోయిన కాలం తీసేసినా, కుతుబ్ షాహీలు మళ్లీ వచ్చేదాకా రెండు వందల ఏళ్లకు పైగా ఊరు హిందూ రాజుల చేతిలో ఉంది. అయినా సాలార్ ఉల్వీ శాసనం చెక్కుచెదరలేదు. గుడిని పోగొట్టుకున్న ఊరు, తిరిగి బలం వచ్చాక ఆ రాయిని ఎందుకు పీకి గోదాట్లో పారేయలేదు? ఒకసారి అపవిత్రమైనదన్న భావనతో వదిలేశారా, అప్పటికే అక్కడ ఒక చిన్న ముస్లిం పేట స్థిరపడి రాజుగారికి కావలసిన గుర్రాల వ్యాపారమో అత్తరు వ్యాపారమో చేసుకుంటోందా, లేక వాళ్లకు మనకున్నంత తీరిక లేదా? ఏదైనా కావచ్చు. నాకు అర్థమైనది ఒక్కటే: విలస శాసనంలో అంత కోపం రాయించిన తరానికి, ఆ తరువాతి తరాలకూ కోపాన్ని రాగిరేకు మీద దాచుకోవడమూ తెలుసు, శాసనపు రాయిని దాని చోట ఉండనివ్వడమూ తెలుసు.

మా ఇంటి స్తంభాలు

ఇంతకీ అల్లుడుగారి పొరపాటు ఎందుకు పెద్దదన్నానో చెప్పాలి. మా ఊరి ఇంట్లో మండువా చుట్టూ ఎనిమిది టేకు స్తంభాలున్నాయి. 1986 ఆగస్టు వరదలో ఒక లంక గ్రామంలో గోడలు కరిగి కూలిపోయిన పెద్ద లోగిలి నుంచి వచ్చినవి అవి. ఆ ఇంటివాళ్లు మళ్లీ కట్టుకునే శక్తి లేక కలప అమ్మేసుకుని ఊరు విడిచిపోయారు. మా నాన్నగారు స్తంభాలు, గుమ్మాలు, రెండు దూలాలు బేరం చేసి పడవ మీద తెప్పించారు. మునిగినవాడి దగ్గర కొన్న సరుకు ఎంతకు వస్తుందో అంతకే వచ్చింది.

తొమ్మిది పదేళ్ల తరువాత ఒక వేసవి మధ్యాహ్నం ఒక పెద్దావిడ మనవణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పక్క ఊళ్లో పెళ్లికి వచ్చి, ఎవరో చెప్పగా దారి మళ్లించుకుని వచ్చిందట. లోపలికి రాగానే వంటింటి వైపు ఉన్న స్తంభం దగ్గరకు వెళ్లి, మోకాలి ఎత్తు నుంచి పైకి చేత్తో తడుముకుంటూ వెళ్లింది. ఆ స్తంభం మీద వరుసగా కత్తిగాట్లున్నాయి. అవి ఏమిటో మేము ఎప్పుడూ ఆలోచించలేదు. "ఇవి మా ఇంటివే కదండీ" అని అడిగిందావిడ. మా నాన్నగారు అబద్ధాలాడే మనిషి కాదు. అయినా ఆ క్షణాన ఆయనకు ఏం తోచిందో, వాటిని తిరిగి అడుగుతుందనుకున్నారో, చవగ్గా కొన్నామన్న సంగతి బయటపడుతుందనుకున్నారో గాని, "కాదమ్మా, ఇవి రాజమండ్రి అడితిలో కొన్నవి" అన్నారు.

ఆవిడ వాదించలేదు. "అలాగాండీ" అని, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెడుతూ, "మా పిల్లలు ఏటేటా ఎంత పెరిగారో పండక్కి గాటు పెట్టేవాళ్లమండీ, అలాంటివే కనిపిస్తే అనుకున్నాను" అంది. వీధి గుమ్మం దాటాక కూడా వెనక్కి చూడలేదు. ఆవిడ స్తంభాలు అడగడానికి రాలేదని, అవునన్న ఒక్క మాట కోసం వచ్చిందని మాకు ఆ సాయంత్రం గాని తెలియలేదు. మా నాన్నగారు పోయేవరకూ ఆ విషయం ఎత్తితే లేచి పెరట్లోకి వెళ్లిపోయేవారు.

కొనడం వేరు, లాక్కోవడం వేరు అని మీరు అనవచ్చు. నిజమే, 1324లో రాజమండ్రిలో బేరమేమీ జరగలేదు. కనుక ఈ పోలికను ఎక్కువ దూరం లాగను. కానీ అవతలివాళ్లు వచ్చి "ఇవి మావేనా" అని అడిగినప్పుడు "కాదు" అనే అలవాటు మాత్రం రెండు చోట్లా ఒకటే. శాంతి కోసం, మంచితనం కోసం అల్లుడుగారివంటి పెద్దమనుషులు "అక్కడ గుడేమీ లేదు, అంతా కల్పన" అన్నప్పుడు వినేవాడు శాంతించడు. తాను కళ్లారా చూసినదాన్నో, తాతల నోట విన్నదాన్నో అబద్ధమంటున్నారని మాత్రం గుర్తుంచుకుంటాడు. మా తమ్ముడి కొడుకు గొంతులో ఆ రోజు వినిపించిన దురుసు సగం అక్కడి నుంచి వచ్చినదే.

చెప్పడం వేరు, తిరిగి అడగడం వేరు

అలాగని వాడి వాదన సరైనదైపోదు. రాయి ఎక్కడిదో తెలిస్తే కట్టడం ఎవరిదో తేలిపోతుందన్నది వాడి నమ్మకం. ఆ లెక్కన చూస్తే మనలో ఎవరి ఇల్లూ నిలవదు. అమరావతి స్తూపం పలకలను ఊడబెరికి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు తన కొత్త పట్టణానికి వాడుకున్నారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ అక్కడికి వెళ్లేనాటికే ఆ పని నడుస్తోంది. ఆ పలకల్లో కొన్ని కోనేటి మెట్లయ్యాయి. బౌద్ధులు తిరిగి వచ్చి అడిగితే ఏమంటాము? ఈ ఉదాహరణ ఇస్తే వాడు, "అక్కడ అడిగేవాళ్లు లేరు పెదనాన్నా, ఇక్కడ ఉన్నారు" అంటాడని నాకు తెలుసు. ఇందులో కొంత నిజం ఉంది, అందుకే ఈ ఉదాహరణతో వాణ్ణి గెలవగలనని అనుకోను. ఎవరు ఏది చేస్తే ఎవరు దానికి సమానమైనది చేశారని త్రాసులో వేసి చూపించడం నాకు ఇష్టమూ లేదు.

1947 ఆగస్టు 15 నాటికి ఏది ఎలా ఉంటే అది అలాగే ఉండాలని 1991లో పార్లమెంటు చట్టం చేసింది. దాని మీద కోర్టుల్లో నడుస్తున్న వాదోపవాదాలు అందరికీ తెలిసినవే కనుక వాటిలోకి వెళ్లను. నా మాట చట్టం గురించి కాదు. సాలార్ ఉల్వీకి వారసులెవరో ఎవరికీ తెలియదు. ఇవాళ అక్కడ వజూ చేసుకుని, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని, వరుసలో నిలబడేవాళ్లలో కొట్టు మూసి వచ్చినవాడు, ఆటో పక్కన పెట్టి వచ్చినవాడు, మా పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారివంటివాడు ఉంటారు. వాళ్లకు ఆ మసీదు తాత చేయి పట్టుకుని వచ్చిన చోటు. ఇరవై ఎనిమిది తరాల కిందటి సేనాధిపతి పనికి వాళ్లను నిలదీయడమంటే, మా నాన్నగారి బేరానికి నా మనవరాలిని నిలదీయడం కంటే అన్యాయం.

గత నెలలో నేను రాజమండ్రి వెళ్లినప్పుడు మధ్యాహ్నం నమాజు అయిపోయాక ఆ మసీదుకు వెళ్లాను. ఒక పెద్దాయన నీడలో కూర్చుని ఉన్నారు. శాసనం చూడటానికి వచ్చానంటే, "చూడండి. వచ్చేవాళ్లు చాలామందే గాని చూసేది తక్కువ, అడిగేది ఎక్కువ" అన్నారు. తనకు ఖురాను చదవడం వచ్చునని, కానీ ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన ఆ రాతి అక్షరాలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నా విప్పుకోలేకపోయానని చెప్పారు. నాకూ అంతేనన్నాను. ద్రాక్షారామం గుడి గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలున్నాయి, తెలుగులోవే చాలా ఉన్నాయి. చదువుకున్నవాణ్ణై ఉండి వాటిలో ఒక్క వరస కూడబలుక్కోలేను. ఆయన నవ్వి, "అయితే ఇద్దరం ఒకటే" అన్నారు.

దాని అర్థం మీకు తెలిస్తే తెలుగులో రాసివ్వమని ఆయన అడిగారు. పుస్తకాల్లో చదివి నా డైరీలో ఎక్కించుకున్నది చూసి, ఒక కాగితం మీద సాలార్ ఉల్వీ పేరు, రంజాన్ నెల ఇరవయ్యో తేదీ, 1324, గియాసుద్దీన్ తుగ్లక్ కాలం అని పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. ఆయన కళ్లజోడు సవరించుకుని నెమ్మదిగా చదువుకున్నారు. చదివి, "అంతకు ముందు ఏముండేదో రాయలేదేం?" అన్నారు.

రాయలేదు. ఇంట్లో నెల రోజులుగా అల్లుడుగారిని మనసులో తప్పుపడుతున్నవాణ్ణి, నీడలో కూర్చున్న ఒక ముసలాయన నొచ్చుకుంటారేమోనని ఆ ఒక్క వాక్యం వదిలేశాను. శాసనంలో అది లేదు కదా అని నసిగాను. "శాసనంలో లేదు గాని ఊరందరి నోటా ఉందిగా" అన్నారాయన. కాగితం తిరిగి తీసుకుని, ఇది పూర్వం వేణుగోపాలస్వామి గుడి అని ఊళ్లో చెప్పుకుంటారు అని కింద చేర్చాను. ఆయన అదీ చదివి, రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, ఎండ తగ్గేదాకా కూర్చుని వెళ్లమన్నారు.